నంబరు చెప్పి పని అడిగే ఏర్పాటు: సాఫ్ట్‌వేర్ ఇంటరప్టుల చరిత్ర

అసెంబ్లీ భాషలో రాసిన ప్రోగ్రామ్ తెరమీద ఒక అక్షరం చూపాలన్నా, డిస్కులోని ఫైలు తెరవాలన్నా ఆ పని సాధారణంగా తాను చేయదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. అడిగే తీరు దాదాపు అన్ని యంత్రాల్లోనూ ఒకటే. కావలసిన సేవకు కేటాయించిన నంబరును నిర్ణీత చోట ఉంచి, ఇంటరప్ట్ పుట్టించే ఆదేశాన్ని అమలు చేయడం. ప్రాసెసర్ వెంటనే ప్రోగ్రామును నిలిపి ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌లోకి మళ్లుతుంది. పని పూర్తయ్యాక ఆగిన చోటికే తిరిగి వస్తుంది. కీబోర్డు, డిస్కు, గడియారం లాంటి పరికరాలు పంపే ఇంటరప్ట్ ఎప్పుడు వస్తుందో ప్రోగ్రాముకు తెలియదు. సాఫ్ట్‌వేర్ ఇంటరప్టును మాత్రం ప్రోగ్రామే కోరి, తనకు అవసరమైన చోట పుట్టిస్తుంది.

ఈ ఏర్పాటుతో రెండు ప్రయోజనాలున్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్ మెమరీలో ఏ చిరునామాలో ఉందో ప్రోగ్రామ్ తెలుసుకోనక్కర్లేదు. పరికరాలను ముట్టుకునే అధికారం ప్రోగ్రాముకు ఇవ్వకుండానే వాటితో పని చేయించవచ్చు. చరిత్రలో ఈ రెండూ అన్నిచోట్లా కలిసి రాలేదు. రక్షణ ఊసే లేని యంత్రాల్లోనూ మొదటి ప్రయోజనం కోసమే సాఫ్ట్‌వేర్ ఇంటరప్టులు వాడారు.

ఆపరేటింగ్ సిస్టమ్ లేని రోజులు

1949 మే 6న కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఎడ్‌శాక్ కంప్యూటర్ తన తొలి ప్రోగ్రామును నడిపింది. ప్రోగ్రామ్ నడుస్తున్నంతసేపూ యంత్రమంతా దానిదే. టేపు చదివే ఆదేశాలు, టెలిప్రింటరు మీద అక్షరం కొట్టే ఆదేశాలు నేరుగా అందులోనే ఉండేవి. పదే పదే అవసరమయ్యే పనుల కోసం మారిస్ విల్క్స్, డేవిడ్ వీలర్, స్టాన్లీ గిల్ బృందం సబ్‌రొటీన్లు రాసి, చిల్లుల కాగితపు టేపుల మీద భద్రపరిచింది. ఎవరికి ఏది కావాలంటే ఆ టేపును తమ ప్రోగ్రామ్ టేపులోకి నకలు తీసుకునేవారు. సబ్‌రొటీన్‌కు వెళ్లి తిరిగి రావడానికి ప్రత్యేక ఆదేశమేదీ ఆ యంత్రంలో లేదు. పిలిచే కోడ్ తన చిరునామాను అక్యుములేటరులో ఉంచి వెళ్లేది. సబ్‌రొటీన్ దానితో తిరుగు జంప్ ఆదేశాన్ని తయారుచేసి, తన చివరన తానే రాసుకునేది. దీన్నే ‘వీలర్ జంప్’ అంటారు.

ఈ పద్ధతిలో ప్రతి ప్రోగ్రామూ తన సబ్‌రొటీన్లను వెంట మోసుకుపోవాలి. పరికరం మారితే దాన్ని వాడే ప్రోగ్రాములన్నీ మార్చాలి. 1950ల చివరికి మరో ఇబ్బంది తోడైంది. ఒక ప్రోగ్రామ్ టేపు కోసం ఎదురుచూస్తుండగా మరొకటి నడిచేలా, మెమరీలో ఒకేసారి ఒకటికి మించి ప్రోగ్రాములను ఉంచడం మొదలైంది. అప్పుడు ఏ ప్రోగ్రామైనా తన ఇష్టం వచ్చినట్టు పరికరాలను నడిపితే పక్క ప్రోగ్రాము పని చెడుతుంది. అందరి తరఫునా పరికరాలను నడిపే ఒకే అధికారి అవసరమైంది.

అట్లాస్, సిస్టమ్/360

మాంచెస్టర్ విశ్వవిద్యాలయం, ఫెరాంటీ సంస్థ కలిసి నిర్మించిన అట్లాస్ 1962 డిసెంబర్ 7న ప్రారంభమైంది. టామ్ కిల్‌బర్న్ నాయకత్వంలో రూపొందిన ఈ యంత్రంలో ‘సూపర్‌వైజర్’ అనే నిర్వాహక ప్రోగ్రామ్ ఉండేది. ఒక్కో ఆదేశంలో ఏ పని చేయాలో చెప్పే భాగం 10 బిట్లు. వాటిలో మొదటి బిట్ 1 అయితే అది ‘ఎక్‌స్ట్రాకోడ్’. అలాంటి ఆదేశం ఎదురైతే ప్రాసెసర్ దాన్ని సొంత సర్క్యూట్లతో చేయకుండా, మార్చడానికి వీల్లేని ఫిక్స్‌డ్ స్టోర్‌లోని ఒక సబ్‌రొటీన్‌లోకి వెళ్లేది. వర్గమూలం, సైన్, లాగరిథమ్ లాంటి లెక్కలూ, టేపు నుంచి చదవడం లాంటి సూపర్‌వైజర్ పనులూ ఇలాగే జరిగేవి. ప్రోగ్రాము రాసేవారికి ఎక్‌స్ట్రాకోడ్ కూడా మామూలు ఆదేశంలాగే కనిపించేది.

1964 ఏప్రిల్ 7న ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 ఈ ఆలోచనకు స్పష్టమైన రూపమిచ్చింది. ప్రాసెసరుకు రెండు స్థితులు పెట్టారు. మామూలు ప్రోగ్రాములు నడిచేది ‘ప్రాబ్లమ్ స్టేట్’. పరికరాలను నడిపే ఆదేశాలు పనిచేసేది ‘సూపర్‌వైజర్ స్టేట్’లో మాత్రమే. మొదటి స్థితి నుంచి రెండోదానికి ప్రోగ్రాము కోరి వెళ్లేందుకు ‘సూపర్‌వైజర్ కాల్’ అనే ఆదేశం ఏర్పడింది. దాని పొడవు రెండు బైట్లు. మొదటిది ఆదేశం, రెండోది 0 నుంచి 255 వరకు ఏదో ఒక నంబరు.

ఎస్‌వీసీ అని పిలిచే ఈ ఆదేశం అమలైనప్పుడు, ప్రోగ్రామ్ ఎక్కడ ఆగిందీ ఏ స్థితిలో ఉన్నదీ తెలిపే 64 బిట్ల పదాన్ని ప్రాసెసర్ మెమరీలో 32వ చిరునామా దగ్గర దాచేది. అడిగిన సేవ నంబరు కూడా ఆ పదంలోనే చేరేది. తర్వాత 96వ చిరునామాలో ఆపరేటింగ్ సిస్టమ్ ముందే సిద్ధం చేసిన కొత్త పదాన్ని తీసుకునేది. ప్రాసెసర్ ఏ చిరునామా నుంచి నడవాలో, ఏ స్థితిలో నడవాలో అందులో ఉండేది. దాచిన పాత పదాన్ని మళ్లీ ఎక్కిస్తే ప్రోగ్రామ్ ఆగిన చోటి నుంచే సాగేది.

ఓఎస్/360లో మెమరీ అడిగే సేవ నంబరు 4, ప్రోగ్రామును అర్ధాంతరంగా ముగించేది 13, ఫైలు తెరిచేది 19, మూసేది 20, ఆపరేటరు కన్సోల్ మీద సందేశం చూపేది 35. 200 నుంచి 255 వరకు నంబర్లను, కంప్యూటరు కొన్న సంస్థలు సొంత సేవలు చేర్చుకునేందుకు వదిలారు. ప్రోగ్రామర్లు ఈ నంబర్లను నేరుగా రాయడం తక్కువ. ‘ఓపెన్’, ‘క్లోజ్’ వంటి మాక్రోలు రాస్తే అసెంబ్లరే వాటిని విడదీసి, తగిన ఎస్‌వీసీ ఆదేశాన్ని చేర్చేది. ఆ వంశంలోని నేటి జెడ్/ఓఎస్‌లోనూ 13కు, 35కు అవే అర్థాలు కొనసాగుతున్నాయి.

పీడీపీ-11 మీద యునిక్స్

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1970లో తెచ్చిన పీడీపీ-11 మినీకంప్యూటర్‌లో ఇలాంటి ఆదేశాలు నాలుగున్నాయి. వాటిలో ‘ఈఎంటీ’ని ఆ సంస్థ తన సిస్టమ్ సాఫ్ట్‌వేర్ కోసం ఉంచుకుని, ‘ట్రాప్’ను వాడకందార్లకు వదిలింది. బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తమ యునిక్స్‌ను ఈ యంత్రం మీదికి తెచ్చినప్పుడు సిస్టమ్ సేవల కోసం ట్రాప్‌నే తీసుకున్నారు. వారి అసెంబ్లరులో దాని పేరు ‘సిస్’. ‘సిస్ రైట్’ అని రాస్తే 4 అనే నంబరుతో ట్రాప్ ఆదేశం తయారయ్యేది. ఏ ఫైలులో రాయాలో ఆర్0 రిజిస్టరులో, డేటా చిరునామా, పొడవు ఆదేశం వెంటే వచ్చే రెండు మెమరీ పదాల్లో ఉండేవి. నంబరు ఆదేశంలోనే ఇమిడి ఉండేది కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగమైన కెర్నెల్ వెనక్కి వెళ్లి ఆ ఆదేశాన్ని మెమరీలోంచి చదివి నంబరు విడదీసుకునేది. ఏదైనా పొరపాటు జరిగితే ‘క్యారీ’ బిట్‌ను 1 చేసి తిరిగి వచ్చేది.

1971 నవంబర్ 3 తేదీతో వెలువడిన యునిక్స్ తొలి మాన్యువల్‌లో ‘సిస్టమ్ కాల్స్’ అనే ఈ సేవలన్నీ అసెంబ్లీ రూపంలోనే ఉన్నాయి. ప్రోగ్రామ్ ముగించేది 1, కొత్త ప్రాసెస్ పుట్టించేది 2, చదివేది 3, రాసేది 4, ఫైలు తెరిచేది 5, మూసేది 6. ఆ తొలి యునిక్స్ నడిచిన పీడీపీ-11/20లో ఒక ప్రోగ్రామ్ మెమరీని మరో ప్రోగ్రామ్ నుంచి కాపాడే హార్డ్‌వేర్ లేదు. అయినా కెర్నెల్ కోడ్ ఎక్కడున్నా ప్రోగ్రాములు మార్చకుండా నడవడానికి ట్రాప్ ఉపయోగపడింది.

మైక్రోకంప్యూటర్ల మీద: ‘కాల్ 5’

గ్యారీ కిల్డాల్ 1974లో ఇంటెల్ 8080 కోసం తయారుచేసిన సీపీ/ఎం చౌకైన యంత్రాల మీద ఇదే పనిని ఇంటరప్ట్ లేకుండా సాధించింది. 8080లో ‘ఆర్‌ఎస్‌టీ’ అనే ఒక బైట్ ఆదేశాలు ఎనిమిది ఉన్నా సీపీ/ఎం వాటి జోలికి పోలేదు. సేవ నంబరు సి రిజిస్టరులో, డేటా చిరునామా డీఈ రిజిస్టర్ల జంటలో ఉంచి, మెమరీలో 5వ చిరునామాకు మామూలు సబ్‌రొటీన్ కాల్ చేస్తే చాలు. అక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ అసలు కోడ్‌కు ఒక జంప్ ఆదేశం ఉండేది. ఆ కోడ్ మెమరీ పైభాగాన ఉండేది కనుక యంత్రంలో ఎంత మెమరీ ఉందో దాన్నిబట్టి దాని చోటు మారేది. ఇల్లు మారినా ఫోన్ నంబరు మారనట్టు, ‘కాల్ 5’ మాత్రం మారలేదు. జంప్ ఆదేశంలోని చిరునామా చదివితే తాము వాడుకోదగ్గ మెమరీ ఎక్కడిదాకా ఉందో కూడా ప్రోగ్రాములకు తెలిసేది.

సీపీ/ఎం సేవల్లో 1 కీబోర్డు నుంచి అక్షరం తెచ్చేది, 2 అక్షరం చూపేది, 9 వాక్యం చూపేది, 15 ఫైలు తెరిచేది, 16 మూసేది. 9వ సేవకు ఇచ్చే వాక్యం ఎక్కడ ముగిసిందో తెలియడానికి చివర డాలర్ గుర్తు పెట్టాలి. కాబట్టి ఆ సేవతో డాలర్ గుర్తును తెరమీద చూపడం కుదరదు.

8086, ఐబీఎం పీసీ, డాస్

ఇంటెల్ 1978లో విడుదల చేసిన 8086లో ‘ఇంట్’ అనే ఆదేశం ఉంది. దాని వెంట 0 నుంచి 255 వరకు ఒక నంబరు వస్తుంది. మెమరీ మొదట్లోని 1,024 బైట్లు ఈ 256 నంబర్ల చిరునామాల పట్టికకే కేటాయించారు. ఒక్కో చిరునామాకు నాలుగు బైట్లు.

సియాటిల్ కంప్యూటర్ ప్రాడక్ట్స్‌లో టిమ్ పాటర్సన్ 1980లో ఈ ప్రాసెసర్ కోసం 86-డాస్ రాశాడు. 8080కి రాసిన సీపీ/ఎం ప్రోగ్రాములను సులువుగా 8086కు మార్చుకోగలగాలన్నది ఆయన ఉద్దేశం. అందుకే సేవల నంబర్లను అలాగే ఉంచాడు. 1, 2, 9, 15, 16 సంఖ్యలకు డాస్‌లోనూ అవే పనులు. 9వ సేవలో డాలర్ గుర్తు కూడా వెంట వచ్చింది. 5వ చిరునామాకు కాల్ చేసే పాత దారీ తెరిచే ఉంచాడు. కొత్త దారి ‘ఇంట్ 21హెచ్’. హెక్సాడెసిమల్‌లో 21 అంటే 33. 1981 జులైలో మైక్రోసాఫ్ట్ దీని హక్కులు కొంది. ఆగస్టు 12న విడుదలైన ఐబీఎం పీసీతో అది డాస్‌గా జనంలోకి వెళ్లింది.

ఒక వాక్యం చూపి ముగిసే డాస్ ప్రోగ్రాములో అసలు పని ఐదు ఆదేశాల్లో తేలిపోతుంది. డీఎక్స్ రిజిస్టరులో వాక్యం చిరునామా, ఏహెచ్‌లో 9, ఆపై ‘ఇంట్ 21హెచ్’. తర్వాత ఏఎక్స్‌లో 4సి00హెచ్, మళ్లీ ‘ఇంట్ 21హెచ్’. మొదటి ఇంట్ దగ్గర ప్రాసెసర్ ఫ్లాగ్స్, సీఎస్, ఐపీ రిజిస్టర్లను ఈ వరసలో స్టాక్ మీద పెడుతుంది. బయటి ఇంటరప్టులు రాకుండా ఒక ఫ్లాగును 0 చేస్తుంది. 33ను నాలుగుతో గుణించి, 132వ చిరునామాలోని నాలుగు బైట్లు చదివి అవి చూపే చోటికి వెళ్తుంది. అక్కడి డాస్ కోడ్ ఏహెచ్‌లో 9 చూసి, డాలర్ గుర్తు వచ్చేదాకా ఒక్కో అక్షరమే తెరమీదికి పంపుతుంది. చివర్లో ‘ఐరెట్’ ఆదేశం స్టాక్ మీది మూడింటినీ వెనక్కి తీసుకుంటుంది. రెండో ఇంట్ నుంచి మాత్రం ప్రోగ్రాములోకి తిరిగి రావడం ఉండదు. 4సి అంటే ముగింపు, 00 అంటే అంతా సవ్యంగా జరిగిందని అర్థం.

డాస్ కింద మరో పొర బయోస్. తెరకు ఇంట్ 10హెచ్, డిస్కుకు 13హెచ్, కీబోర్డుకు 16హెచ్. నిజానికి మొదటి 32 నంబర్లను ఇంటెల్ భవిష్యత్తు అవసరాలకు అట్టిపెట్టింది. ఐబీఎం దాన్ని లెక్కచేయలేదు. తెరను ప్రింటరుకు పంపే పనికి 5వ నంబరు తీసుకుంది. ఆ తర్వాత వచ్చిన 80186లో ఇంటెల్ అదే 5వ నంబరును హద్దులు దాటిన సూచికను పట్టుకునే పనికి ఇచ్చింది. అలాంటి పొరపాటు ఎదురైతే యంత్రం తెరను ప్రింటు తీయడానికి పూనుకునే పరిస్థితి ఏర్పడింది.

1983 మార్చిలో వచ్చిన డాస్ 2.0 సేవల జాబితాలో యునిక్స్ పద్ధతిని కలిపింది. తెరిచిన ఫైలును ‘హ్యాండిల్’ అనే చిన్న సంఖ్యతో గుర్తించడం, 3డిహెచ్ తెరవడం, 3ఎఫ్‌హెచ్ చదవడం, 40హెచ్ రాయడం అప్పుడు వచ్చినవే. తప్పు జరిగితే క్యారీ ఫ్లాగు 1 అవుతుంది, కారణం ఏఎక్స్‌లో ఉంటుంది. పాత 15, 16 సేవలను తీసివేయలేదు.

ఎవరైనా మార్చగల పట్టిక

8086లో మెమరీ రక్షణ లేదు. 256 చిరునామాల పట్టికను ఏ ప్రోగ్రామైనా తిరగరాయగలదు. డాస్ స్వయంగా దానికి సేవలు ఇచ్చింది. 35హెచ్ పాత చిరునామా చెబుతుంది, 25హెచ్ కొత్తది పెడుతుంది. కీబోర్డు ఇంటరప్టును తనవైపు తిప్పుకుని మెమరీలో నిలిచిపోయే ప్రోగ్రాములు ఇలా పుట్టాయి. బోర్లాండ్ సంస్థ 1984లో తెచ్చిన ‘సైడ్‌కిక్’ వాటిలో పేరుపొందింది. ఏ ప్రోగ్రాములో ఉన్నా కొన్ని మీటలు కలిపి నొక్కితే నోట్‌ప్యాడ్, కాలిక్యులేటర్ ప్రత్యక్షమయ్యేవి. కానీ డాస్ ఒక సేవ మధ్యలో ఉండగా మళ్లీ దాన్ని పిలిస్తే దాని సొంత స్టాక్ చెదిరిపోయేది. అందుకే డాస్ అప్పుడు పనిలో ఉందా లేదా అని తెలిపే, మాన్యువల్‌లో లేని ఒక ఫ్లాగును ఇలాంటి ప్రోగ్రాములు ముందు చూసుకునేవి.

వైరస్‌లూ ఈ దారినే పట్టాయి. 1986లో లాహోర్‌లో పుట్టిన ‘బ్రెయిన్’ డిస్కు సేవ ఇంట్ 13హెచ్‌ను తనవైపు తిప్పుకుంది. ఎవరైనా బూట్ సెక్టర్‌ను చదవబోతే తాను దాచిన అసలు ప్రతిని చూపేది. 1987లో బయటపడిన ‘జెరూసలేం’ ఇంట్ 21హెచ్‌ను పట్టుకుని, నడిపిన ప్రతి ప్రోగ్రాముకూ అంటుకునేది.

నెట్‌వర్క్, మౌస్, అదనపు మెమరీ ఒక్కొక్కటిగా పీసీలో చేరే కొద్దీ, ఏ నంబరు ఎవరిదో ఎక్కడా ఒకచోట లేకుండా పోయింది. మౌస్‌కు 33హెచ్, అదనపు మెమరీకి 67హెచ్, రకరకాల అనుబంధ ప్రోగ్రాములకు 2ఎఫ్‌హెచ్. అధికారికంగా ప్రకటించినవీ, పరిశోధించి కనుక్కున్నవీ కలిపి రాల్ఫ్ బ్రౌన్ కూర్చిన ఇంటరప్టుల జాబితా ప్రోగ్రామర్లకు ప్రామాణికమైంది. దాని 61వ విడుదల 2000 జులైలో వచ్చింది.

తెలుగు నేల మీది ఇంజినీరింగ్ కాలేజీల్లో మైక్రోప్రాసెసర్ ల్యాబ్ చాలాకాలం ఈ ప్రపంచం చుట్టూనే నడిచింది. 8086కు రాసిన అసెంబ్లీ ప్రోగ్రాములను మైక్రోసాఫ్ట్ మాస్మ్ లేదా బోర్లాండ్ టాస్మ్‌తో కూర్చి, కీబోర్డు నుంచి అక్షరాలు చదవడం, వాక్యం చూపడం లాంటి డాస్, బయోస్ సేవలను అభ్యాసం చేయించేవారు. 64 బిట్ల విండోస్ పాత 16 బిట్ల ప్రోగ్రాములను నడపదు కాబట్టి ఇప్పుడు ఆ అభ్యాసాలకు డాస్‌బాక్స్ వంటి ఎమ్యులేటర్ కావాలి. అందులో ఇంట్ 21హెచ్‌కు జవాబు చెప్పేది ఆ ఎమ్యులేటరే.

రక్షణ వచ్చాక: లినక్స్, విండోస్ ఎన్‌టీ

1982 నాటి 80286, 1985 నాటి 80386 ప్రాసెసర్లు ప్రొటెక్టెడ్ మోడ్‌ను తెచ్చాయి. పట్టికలో ఒట్టి చిరునామాల బదులు ఎనిమిది బైట్ల ‘గేట్లు’ వచ్చాయి. ఏ అధికార స్థాయి వరకు ఉన్న ప్రోగ్రామ్ ఆ గేటును ఇంట్ ఆదేశంతో వాడవచ్చో గేటులోనే రాసి ఉంటుంది. పట్టికను మార్చడం కెర్నెల్‌కే సాధ్యం. సిస్టమ్/360లో కలిసి ఉన్న రెండు ప్రయోజనాలూ అలా పీసీలో మళ్లీ ఒకచోట చేరాయి.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్, మామూలు ప్రోగ్రాములకు ఇంట్ 80హెచ్ గేటును తెరిచింది. ఈఏఎక్స్‌లో నంబరు, ఈబీఎక్స్, ఈసీఎక్స్, ఈడీఎక్స్, ఈఎస్ఐ, ఈడీఐలలో వివరాలు. వాక్యం చూపడానికి ఈఏఎక్స్‌లో 4, ఈబీఎక్స్‌లో తెర కోసం 1, ఈసీఎక్స్‌లో చిరునామా, ఈడీఎక్స్‌లో పొడవు. పొడవు విడిగా చెబుతారు కాబట్టి డాలర్ గుర్తు అవసరం లేదు. ప్రోగ్రామ్ ముగించేది 1, చదివేది 3, రాసేది 4, తెరిచేది 5, మూసేది 6. 1971 నాటి పీడీపీ-11 యునిక్స్ నంబర్లే ఇవి. తప్పు జరిగితే ఈఏఎక్స్‌లో రుణ సంఖ్య వస్తుంది.

1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ ఇంట్ 2ఈహెచ్ వాడింది. కానీ మైక్రోసాఫ్ట్ సేవల నంబర్లకు హామీ ఇవ్వలేదు. విడుదల మారితే అవీ మారతాయి. ప్రోగ్రాములు ఎన్‌టీడీఎల్ఎల్ అనే లైబ్రరీ ఫంక్షన్లనే పిలవాలి, ఆ నంబరు సంగతి లైబ్రరీ చూసుకుంటుంది. లినక్స్‌లో నంబరే ఒప్పందం. ఒకసారి ఇచ్చిన నంబరు అర్థం మారదు. అసెంబ్లీలో నేరుగా సిస్టమ్ సేవలు వాడటం విండోస్‌లో అరుదుగా, లినక్స్‌లో మామూలుగా ఉండటానికి కారణం ఇదే.

ఇంటరప్ట్ నుంచి ప్రత్యేక ఆదేశానికి

ఇంట్ ఆదేశం పట్టిక చూడాలి, గేటు అనుమతి సరిచూడాలి, స్టాక్ మార్చాలి, రిజిస్టర్లు దాచాలి. సెకనుకు లక్షలసార్లు జరిగే పనికి ఇది భారమే. 1997లో పెంటియమ్-2తో ఇంటెల్ ‘సిస్‌ఎంటర్’ తెచ్చింది. ఏఎండీ ‘సిస్‌కాల్’ తెచ్చింది. రెండూ పట్టిక జోలికి వెళ్లకుండా, కెర్నెల్ ముందే ప్రత్యేక రిజిస్టర్లలో రాసి ఉంచిన చిరునామాకు పోతాయి. 2002 చివర్లో, పెంటియమ్-4 మీద ఇంట్ 80హెచ్ అంతకుముందటి పెంటియమ్-3 మీదకన్నా నెమ్మదిగా ఉందని తేలాక లినక్స్ సిస్‌ఎంటర్‌ను స్వీకరించింది. సిస్‌ఎంటర్ తిరిగి రావలసిన చిరునామాను దాచదు. అందుకే కెర్నెల్ ప్రతి ప్రోగ్రాము మెమరీలో తన చిన్న పేజీ ఒకటి ఉంచి, ఆ పేజీలోని కోడ్ ద్వారానే రాకపోకలు జరిపింది.

2003లో మార్కెట్లోకి వచ్చిన ఏఎండీ 64 బిట్ల ప్రాసెసర్లలో సిస్‌కాల్ ప్రధాన మార్గమైంది. అది తిరుగు చిరునామాను ఆర్‌సీఎక్స్‌లో, ఫ్లాగ్స్‌ను ఆర్11లో దాస్తుంది. దాంతో నాలుగో వివరాన్ని ఆర్‌సీఎక్స్ బదులు ఆర్10లో పంపాల్సి వచ్చింది. 64 బిట్ల లినక్స్ నంబర్లను కొత్తగా వేసుకుంది. చదివేది 0, రాసేది 1, తెరిచేది 2, మూసేది 3, ముగించేది 60. అయినా 32 బిట్ల ప్రోగ్రాముల కోసం ఇంట్ 80హెచ్ గేటు అలాగే ఉంది. ఒకే ప్రోగ్రాములో రిజిస్టరులో 1 పెట్టి సిస్‌కాల్ వాడితే రాత జరుగుతుంది. అదే 1తో ఇంట్ 80హెచ్ వాడితే ప్రోగ్రామ్ ముగిసిపోతుంది. 64 బిట్ల ప్రోగ్రామ్ స్టాక్ మీది వాక్యాన్ని ఇంట్ 80హెచ్‌తో చూపబోతే చిరునామాలో పైసగం తెగిపోయి, కెర్నెల్ చెడ్డ చిరునామా అంటూ -14 ఇస్తుంది.

2018 జనవరిలో బయటపడిన ‘మెల్ట్‌డౌన్’ లోపానికి విరుగుడుగా, కెర్నెల్‌లోకి వెళ్లిన ప్రతిసారీ పేజీ పట్టికలు మార్చవలసి వచ్చి సిస్టమ్ కాల్ ఖర్చు మళ్లీ పెరిగింది. అసలు కెర్నెల్‌లోకి వెళ్లడమే తగ్గించే ప్రయత్నాలు అంతకుముందే మొదలయ్యాయి. సమయం అడిగే కాల్‌కు జవాబు ఇప్పుడు ప్రోగ్రాము మెమరీలోనే కెర్నెల్ ఉంచిన పేజీలో దొరుకుతుంది.

ఇతర ప్రాసెసర్లూ ఇదే దారిలో నడిచాయి. మోటరోలా 68000లో ‘ట్రాప్’, ఆర్మ్‌లో మొదట ‘ఎస్‌డబ్ల్యూఐ’ అని, తర్వాత ‘ఎస్‌వీసీ’ అని పేరు, రిస్క్-5లో ‘ఈకాల్’. ఆర్మ్ మీది పాత లినక్స్‌లో నంబరు ఆదేశంలోనే ఉండేది. పీడీపీ-11లోలాగే కెర్నెల్ ఆ ఆదేశాన్ని మెమరీలోంచి మళ్లీ చదవాల్సి రావడం వల్ల జాప్యం కలిగేది. కొత్త పద్ధతిలో నంబరును ఆర్7 రిజిస్టరుకు మార్చారు.

ఒక్కో ప్రాసెసరు మీద ఒక్కో రకంగా పెరిగిన నంబర్లను ఇక ముందైనా ఒక దారికి తేవాలని, 2019లో వచ్చిన లినక్స్ 5.1 నుంచి కొత్తగా చేర్చే సిస్టమ్ కాల్స్‌కు దాదాపు అన్ని ప్రాసెసర్ల మీదా ఒకే నంబరు ఇస్తున్నారు. పాత నంబర్లను మాత్రం వాటిని నమ్ముకున్న ప్రోగ్రాముల కోసం ఎక్కడివక్కడే ఉంచారు.